చిన్న ఆఫీసులో కంప్యూటర్ భద్రత, డేటా నిర్వహణ: పన్నుల కన్సల్టెంటు ఆఫీసు ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

నాలుగైదు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక రౌటర్‌తో నడిచే చిన్న ఆఫీసుల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఉదాహరణకు జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసిపెట్టే కన్సల్టెంటు ఆఫీసును తీసుకున్నాను. ఊళ్లోని వ్యాపారుల పాన్ కార్డులు, ఆధార్ నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పోర్టల్ పాస్‌వర్డ్‌లు, డిజిటల్ సంతకాల టోకెన్లు (సంతకపు కీ ఉండే యూఎస్‌బీ పరికరాలు) అన్నీ ఒకే గదిలో పోగుపడేది అక్కడే. డాక్యుమెంట్ రైటర్లు, న్యాయవాదులు, ఎరువుల డీలర్లు, క్లినిక్కులు నడిపేవారు కూడా పేర్లు మార్చుకుని ఇదే పద్ధతిని అనుసరించవచ్చు.

భద్రత అనగానే చాలామంది ముందు యాంటీవైరస్ కొంటారు. నా దృష్టిలో అది వరుసలో బాగా వెనక ఉండవలసిన పని. ఏ సమాచారం ఎక్కడుందో తెలియని ఆఫీసుకు ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ప్రయోజనం తక్కువ. దేన్ని కాపాడాలో తేలాక, అది పోతే తిరిగి తెచ్చుకునే దారి సిద్ధం చేసుకోవాలి. పోకుండా చూసుకునే ఏర్పాట్లు ఆ తర్వాత చేసుకోవచ్చు. ఈ క్రమాన్ని మార్చవద్దు.

మొదటి పని: ఏది ఎక్కడుందో రాసుకోవడం

ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీయండి. సమాచారం ఏమిటి, ఏ కంప్యూటర్లో ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎవరు వాడతారు, పోతే మళ్లీ ఎక్కడ దొరుకుతుంది అన్నవి ఆ గళ్ల శీర్షికలు. ఈ పనిని యజమాని ఒక్కరే కూర్చుని పూర్తి చేయలేరు. ప్రతి సీటు దగ్గరకూ వెళ్లి, అక్కడ పనిచేసేవారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడాలి. అప్పుడే అసలు పరిస్థితి బయటపడుతుంది: లెక్కల సాఫ్ట్‌వేర్ అయిన ట్యాలీ డేటా ఒక కంప్యూటర్లో ఉంటుంది, దాని పాత నకలు మరో కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ఉంటుంది, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వాట్సాప్ నుంచి దిగిన ఆధార్ నకళ్లు ఎవరివో తెలియని అంకెల పేర్లతో వందల కొద్దీ పేరుకుని ఉంటాయి, స్కానర్ తనంతట తాను పేరు పెట్టిన ఫైళ్లు వేరొక మూల ఉంటాయి.

నాలుగో గడిని నింపడంలో శ్రద్ధ చూపండి. దాఖలైన జీఎస్టీ రిటర్నులు, జీఎస్టీఆర్-2బీ (కొనుగోళ్ల మీది పన్ను జమ వివరాలు), 26ఏఎస్, ఏఐఎస్ (ఆదాయపు పన్ను శాఖ దగ్గరున్న పన్ను, లావాదేవీల వివరాలు) వంటివి ప్రభుత్వ పోర్టళ్ల నుంచి మళ్లీ దించుకోవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంటును బ్యాంకు మళ్లీ ఇస్తుంది. కానీ మీ సిబ్బంది ట్యాలీలో ఎక్కించిన వోచర్లు, సరుకు నిల్వల లెక్కలు, నోటీసులకు మీరు తయారుచేసిన జవాబులు మరెక్కడా దొరకవు. బ్యాకప్‌లో మొదటి స్థానం వీటికే ఇవ్వాలి.

జాబితా పూర్తయ్యాక ఫోల్డర్లను ఒక పద్ధతిలో పెట్టండి. ఒక్కో క్లయింటుకు ఒక కోడ్, దాని కింద ఆర్థిక సంవత్సరం, దాని కింద జీఎస్టీ, ఆదాయపు పన్ను, నోటీసులు, గుర్తింపు పత్రాలు అనే విభాగాలు సరిపోతాయి. ఫైలు పేరులో తేదీని సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో రాస్తే, ఉదాహరణకు 2025-07-20 అని రాస్తే, ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో అమరుతాయి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ లాస్ట్" అనే పేర్లను ఆఫీసులో నిషేధించండి.

తెలుగు ఆఫీసులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అను ఫాంట్లతో టైపు చేసిన పాత అర్జీలు, ఒప్పంద పత్రాలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తాయి. అందులోని తెలుగు మాటను వెతికినా దొరకదు. ఎందుకంటే అది అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే ప్రామాణిక అక్షర పద్ధతి అయిన యూనికోడ్ కాదు. ఇలాంటి ఫైళ్లు ఉంటే ప్రతిదానికీ ఒక పీడీఎఫ్ నకలు తీసి పక్కన పెట్టండి, మళ్లీ మళ్లీ వాడే నమూనా పత్రాలను యూనికోడ్‌లోకి మార్చండి, కొత్తవన్నీ యూనికోడ్‌లోనే టైపు చేయించండి.

ఎంతకాలం ఉంచాలన్న ప్రశ్న కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఖాతా పుస్తకాలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. కంపెనీల ఖాతా పుస్తకాలకు కంపెనీల చట్టం 8 ఆర్థిక సంవత్సరాల కాలాన్ని నిర్దేశించింది. అప్పీలు, విచారణ నడుస్తున్న ఫైళ్లను అవి తేలేవరకు తాకకూడదు. గడువు దాటి, ఏ వివాదమూ లేని వాటిని తొలగించడం మంచిది. మీ దగ్గర లేని ఆధార్ నకలును ఎవరూ దొంగిలించలేరు. కొత్తగా తీసుకునేటప్పుడు కూడా, పని దానితోనే జరుగుతుందనుకుంటే, మొదటి 8 అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ అడగండి.

రెండో పని: బ్యాకప్, దాన్ని పరీక్షించడం

ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేయగలిగే తీరిక మీకుంటే ఇది చేయండి. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఆఫీసు బయట అనేది చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం. అంటే కంప్యూటర్లోని అసలు డేటా కాక, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మీద ఒక నకలు, ఆఫీసు బయట మరొక నకలు ఉండాలి. పెన్ డ్రైవ్‌ను బ్యాకప్ సాధనంగా లెక్కించకండి. అది పోగొట్టుకోవడం సులువు, చెడిపోవడం ఇంకా సులువు.

ట్యాలీ ప్రైమ్ వాడేవారు రోజూ సాయంత్రం అందరినీ ట్యాలీ నుంచి బయటికి రమ్మని చెప్పి, ఆల్ట్, వై నొక్కి డేటా మెనూలోని బ్యాకప్ తెరిచి, గమ్యస్థానంగా ఆ రోజు తేదీతో చేసిన ఫోల్డర్‌ను చూపి, కంపెనీలను ఎంచుకుని బ్యాకప్ తీసుకోవాలి. ఎవరో ఒకరు వోచర్ ఎక్కిస్తుండగా డేటా ఫోల్డర్‌ను నేరుగా కాపీ చేస్తే ఆ నకలు తెగిపోయినదిగా వచ్చే ప్రమాదం ఉంది. గమ్యస్థానం అదే కంప్యూటర్లోని డి డ్రైవ్ అయితే అది బ్యాకప్ కిందికి రాదు. చాలా కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే హార్డ్ డిస్క్‌లోని భాగాలు. డిస్క్ పోతే రెండూ పోతాయి.

ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు కొనండి. వాటి మీద మార్కర్‌తో "అ", "ఆ" అని రాయండి. ఈ వారం "అ" ఆఫీసులో, "ఆ" ఇంట్లో. వచ్చే సోమవారం తారుమారు. బ్యాకప్ పూర్తికాగానే డిస్కును తీసి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ గుచ్చే ఉంచిన డిస్కును ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లను బందీ చేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) కంప్యూటర్లోని ఫైళ్లతో పాటే గుప్తీకరిస్తుంది, అంటే మీకు చదవరాకుండా తాళం వేసేస్తుంది. రెండు డిస్కులకూ పాస్‌వర్డ్ రక్షణ ఉండాలి. విండోస్ ప్రో ఉన్నవారు అందులోనే ఉండే బిట్‌లాకర్ వాడవచ్చు. అది ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద ముద్రించి యజమాని ఇంట్లో దాచాలి. హోం ఎడిషన్ ఉన్నవారికి ఇదే పనికి వెరాక్రిప్ట్ ఉచితంగా దొరుకుతుంది.

గూగుల్ డ్రైవ్ ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కంప్యూటర్లోని ఫోల్డర్‌తో కలిపి ఉంచిన డ్రైవ్ ఆ ఫోల్డర్‌కు అద్దం వంటిది. ఇక్కడ ఫైలు చెరిగితే అక్కడా చెరుగుతుంది, తొలగించినది ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. అందువల్ల క్లౌడ్‌ను ఆఫీసు బయటి నకలుగా వాడదలిస్తే, బ్యాకప్ ఫోల్డర్‌ను సెవెన్-జిప్‌లో ఏఈఎస్-256 పద్ధతిలో పాస్‌వర్డ్ పెట్టి కుదించి, తేదీ పేరుతో వారానికొకటి ఎక్కించండి. మీ క్లయింట్లలో కంపెనీలు ఉంటే మరొక విషయం గుర్తుంచుకోవాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న ఖాతా పుస్తకాల బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వర్లలో రోజువారీగా ఉంచాలని 2022లో సవరించిన కంపెనీల ఖాతాల నియమాలు చెబుతున్నాయి.

అసలైన పరీక్ష నెలకొకసారి చేయాలి. ట్యాలీ ఉన్న వేరొక కంప్యూటర్లో ఖాళీ ఫోల్డర్ ఒకటి తయారుచేసి, బ్యాకప్‌ను అందులోకి రీస్టోర్ చేయండి. పొరపాటున నడుస్తున్న డేటా ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేస్తే ఈనాటి లెక్కల మీద పాత లెక్కలు వచ్చి కూర్చుంటాయి, కాబట్టి గమ్యస్థానాన్ని రెండుసార్లు చదవండి. తర్వాత ఏదైనా ఒక కంపెనీ తెరిచి, చివరి వోచర్ తేదీ చూడండి, ట్రయల్ బ్యాలెన్స్ మొత్తాన్ని అసలు దానితో పోల్చండి. రెండూ కలిస్తే నోటు పుస్తకంలో తేదీ వేసి సంతకం చేయండి. ట్యాలీ వాల్ట్ (కంపెనీ డేటాకు తాళం వేసే సౌకర్యం) పాస్‌వర్డ్ పెట్టిన కంపెనీల విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి తెచ్చుకునే మార్గం లేదు, బ్యాకప్ ఉన్నా ఉపయోగపడదు.

మార్చి 31 లెక్కలు ముగించిన తర్వాత తీసిన నకలును వారపు డిస్కుల మీద తిరగరాయకుండా వేరుగా భద్రపరచండి.

మూడో పని: విండోస్, సాఫ్ట్‌వేర్లు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆఫీసులో ఇంకా ఆ కంప్యూటర్లు ఉంటే, టీపీఎం 2.0 (భద్రతా చిప్) వంటి అర్హతలు ఉన్న వాటిని విండోస్ 11కు మార్చండి. అర్హత లేని వాటికి డబ్బు చెల్లించి కొంతకాలం అప్‌డేట్ల పొడిగింపు పొందే ఏర్పాటు ఉంది, కానీ అది కొత్త కంప్యూటర్ కొనేలోపు ఊపిరి తీసుకునే వ్యవధి మాత్రమే.

అప్‌డేట్ విలువ తెలియాలంటే వనాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ఉదంతం చాలు. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే సవరణ విడుదల చేసింది. దాడి జరిగింది మే 12న. ఆ రెండు నెలల్లో అప్‌డేట్ చేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతటా దెబ్బతిన్నాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా వాటిలో ఉన్నాయి.

క్రాక్ చేసిన విండోస్, ఆఫీస్, ట్యాలీలను తీసేయండి. ఇక్కడ నీతిబోధ చేయడం నా ఉద్దేశం కాదు. స్టాప్ లేదా డీజేవీయూ అనే పేరున్న ర్యాన్సమ్‌వేర్ కుటుంబం ఎక్కువగా వ్యాపించింది క్రాక్‌లు, కీజెన్‌ల (దొంగ లైసెన్సు కీలు తయారుచేసే ప్రోగ్రాముల) ద్వారానే. క్రాక్ నడవాలంటే యాంటీవైరస్‌ను ఆపమని ముందే సూచన రాసి ఉంటుంది. దొంగకు మనమే తలుపు తీసి, కుక్కను కట్టేస్తున్నామన్నమాట. కొనలేని పక్షంలో లిబ్రే ఆఫీస్ ఉచితం, ఉత్తరాలకు, సాధారణ పట్టికలకు అది బాగానే సరిపోతుంది.

ప్రతి కంప్యూటర్లో రెండు ఖాతాలు ఉండాలి. సాఫ్ట్‌వేర్లు ఎక్కించడానికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా, రోజువారీ పనికి స్టాండర్డ్ ఖాతా. సిబ్బంది స్టాండర్డ్ ఖాతాలోనే పనిచేస్తే, తెలియక నొక్కిన ఫైలు చేసే నష్టం చాలావరకు ఆ ఖాతాకే పరిమితమవుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైళ్ల ఎక్స్‌టెన్షన్లు కనిపించే ఏర్పాటు పెట్టండి. అలా పెట్టకపోతే చివర డాట్ ఈఎక్స్‌ఈ ఉన్న ఫైలు కూడా పీడీఎఫ్ బొమ్మతో ఇన్‌వాయిస్‌లా కనిపించి మోసగిస్తుంది. యాంటీవైరస్ విషయానికొస్తే, విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంచితే చిన్న ఆఫీసుకు సరిపోతుందని నా అభిప్రాయం. అందులోని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌ను ఆన్ చేసి, ట్యాలీ డేటా ఫోల్డర్‌ను రక్షిత ఫోల్డర్లలో చేర్చండి. ట్యాలీనే అడ్డుకుంటే, అనుమతించిన అప్లికేషన్ల జాబితాలో దాన్ని చేర్చాలి.

నాలుగో పని: పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు, డిజిటల్ సంతకాలు

దాదాపు ప్రతి కన్సల్టెంటు ఆఫీసులోనూ క్లయింట్ల యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు రాసిన ఎక్సెల్ షీటు ఒకటి ఉంటుంది. అది అన్ని కంప్యూటర్లలో, ఇద్దరు ముగ్గురి ఫోన్లలో, ఎప్పుడో మానేసిన ఉద్యోగి మెయిల్‌లో కూడా ఉంటుంది. దాన్ని ఎత్తివేయడం ఈ దశలో అన్నిటికన్నా పెద్ద మార్పు. కీపాస్ లేదా బిట్‌వార్డెన్ వంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి వాటిని మార్చి, దాని ప్రధాన పాస్‌వర్డ్‌ను కొన్ని తెలుగు మాటల వరుసగా పెట్టుకోండి. సంబంధం లేని నాలుగైదు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వరుసగా రాస్తే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. ప్రతి క్లయింటుకూ ఊరి పేరు, ఎట్ గుర్తు, 123 అనే మూస పాస్‌వర్డ్ పెట్టే అలవాటును అంతటితో మానేయాలి. ఒకటి బయటపడితే మిగిలినవన్నీ బయటపడినట్టే.

ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ పోర్టళ్లలో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది. ఈ-వే బిల్లు వ్యవస్థలో సిబ్బంది కోసం సబ్ యూజర్లను తయారుచేసుకునే సౌకర్యం ఉంది. ఓటీపీ కోసం యజమానికి పదేపదే ఫోన్ చేసే బదులు దాన్ని వాడండి. క్లయింట్ల ఖాతాలన్నిటికీ కన్సల్టెంటు సొంత ఫోన్ నంబరు, మెయిల్ ఇవ్వడం పనిని తేలిక చేస్తుంది, నిజమే. కానీ నోటీసు వచ్చిన సంగతి క్లయింటుకు తెలియదు, ఆ ఒక్క సిమ్ పోతే అందరి పని ఆగుతుంది, రేపు వివాదం వస్తే బాధ్యత మీ మీద పడుతుంది. క్లయింటు నంబరు, మెయిల్ ఉంచడమే సరైన పద్ధతి. ఇక ఆఫీసు జీమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టడాన్ని రేపటికి వాయిదా వేయవద్దు. పోర్టళ్ల పాస్‌వర్డ్‌లు మార్చుకునే దారి ఆ మెయిల్ గుండానే పోతుంది.

డిజిటల్ సంతకం టోకెన్ల పరిస్థితి మరింత ఆందోళనకరం. రబ్బరు బ్యాండు చుట్టిన కవర్లో టోకెను, కవరు మీద క్లయింటు పేరు, దాని కిందే పిన్ నంబరు. ఇలాంటివి ముప్పయ్యో నలభయ్యో తాళం లేని సొరుగులో ఉండడం చాలా ఆఫీసుల్లో మామూలే. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీ తన అదుపులో ఉండేలా జాగ్రత్త పడవలసింది సంతకం యజమానే. అందువల్ల సంతకం అవసరమైన రోజు క్లయింటునే టోకెన్‌తో రమ్మనడం ఉత్తమం. అది కుదరక మీ దగ్గరే ఉంచుకోవలసి వస్తే లిఖితపూర్వక అంగీకారం తీసుకోండి, టోకెన్లను తాళం వేసిన పెట్టెలో పెట్టండి, పిన్‌లను పాస్‌వర్డ్ మేనేజర్‌లో మాత్రమే రాయండి, ఏ రోజు ఏ పత్రం కోసం ఎవరు తీశారో రిజిస్టరులో నమోదు చేయండి. టోకెన్‌లోని కీని కాపీ చేయలేం కనుక దానికి బ్యాకప్ ఉండదు. పిన్ వరుసగా తప్పు కొడితే టోకెను లాక్ అవుతుంది. గడువు తేదీల జాబితా గోడ మీద ఉంటే రిటర్ను చివరి రోజున పరుగులు తప్పుతాయి.

ఐదో పని: రౌటర్, దూరం నుంచి పనిచేయడం

రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను దాని అడుగున ముద్రించినదే ఉంచకుండా మార్చండి, డబ్ల్యూపీఎస్ (బటన్‌తో లేదా చిన్న పిన్‌తో వైఫైకి కలిపే సౌకర్యం) ఆపండి, వచ్చేపోయే వారికి గెస్ట్ వైఫై ఇవ్వండి. షేర్ చేసిన ఫోల్డర్లకు "ఎవ్రీవన్" అనే అనుమతి తీసేసి, అవసరమైన వారి పేర్లే చేర్చండి.

ఇంటి నుంచి ట్యాలీ తెరవడానికి రౌటర్లో 3389 పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టించుకున్నవారు ఈరోజే దాన్ని మూయించాలి. ఇంటర్నెట్ అంతటా ఆ పోర్టు కోసం నిరంతరం తడిమి చూసే ప్రోగ్రాములు ఉన్నాయి. ర్యాన్సమ్‌వేర్ ముఠాలు లోపలికి వచ్చే ప్రధాన దారుల్లో అదొకటి. వీపీఎన్ (గుప్తీకరించిన ప్రత్యేక దారి) ద్వారా మాత్రమే రిమోట్ డెస్క్‌టాప్ వాడండి. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ వంటివి అవసరమైనప్పుడు తెరిచి, పని కాగానే మూసేయాలి. సర్వీసు చేసే కుర్రాడి సౌకర్యం కోసం అందులో శాశ్వత పాస్‌వర్డ్ పెట్టి వదిలేయకూడదు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ట్యాలీ డేటా ఉన్న కంప్యూటర్‌కు, రౌటర్‌కు యూపీఎస్ తప్పనిసరి. వోచర్ సేవ్ అవుతుండగా కరెంటు పోయి చెడిపోయే డేటా, హ్యాకర్ల వల్ల పోయే డేటాకు ఏమీ తీసిపోదు.

ఆరో పని: మనుషులు

వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ పేర్లతో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్లను ఎవరు పంపినా తెరవకూడదని సిబ్బందికి ఒక్కసారి కాక తరచూ చెప్పాలి. తెలిసినవారి నంబరు నుంచే అవి వస్తాయి. ఎందుకంటే వారి ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉంటుంది. ఎవరైనా తమ బ్యాంకు ఖాతా మారిందని మెయిల్‌లో చెబితే, పాత నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా డబ్బు పంపకూడదు. సీటు వదిలి లేచేటప్పుడు విండోస్ కీ, ఎల్ నొక్కడం అలవాటు కావాలి. తెలియక తప్పు నొక్కినవారు వెంటనే వచ్చి చెప్పగలిగే వాతావరణం ఉంచండి. తిట్లకు భయపడి రెండు గంటలు దాచిపెడితే అప్పటికి షేర్ ఫోల్డర్లన్నీ పోతాయి.

ఉద్యోగి మానేసే రోజున వాట్సాప్ లింక్డ్ డివైసెస్, సబ్ యూజర్ ఖాతాలు, మెయిల్ లాగిన్‌లు, పాస్‌వర్డ్ మేనేజర్ అనుమతి అన్నీ మూసివేయాలి. గొడవపడి వెళ్లినవారికే కాదు, మంచిగా వెళ్లినవారికీ ఇదే పద్ధతి వర్తించాలి.

దాడి జరిగిన రోజున

ఫైళ్ల పేర్ల చివర వింత అక్షరాలు చేరి, డబ్బు అడిగే నోటు కనిపిస్తే ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, మిగతా కంప్యూటర్లను కూడా రౌటర్ నుంచి విడదీయండి. తెర మీది నోటును ఫోన్‌తో ఫొటో తీయండి. భయంతో బ్యాకప్ డిస్కు తెచ్చి గుచ్చవద్దు. అప్పటికి సోకకుండా మిగిలింది అదొక్కటే కావచ్చు. వెంటనే ఫార్మాట్ కూడా కొట్టించవద్దు, పాడైన ఫైళ్ల నకలు ఒక వేరే డిస్కులో దాచండి. కొన్ని రకాలకు విప్పే సాధనాలు నో మోర్ ర్యాన్సమ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, మీ రకానికి ఇవాళ లేకపోయినా తర్వాత రావచ్చు.

బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఇలాంటి దాడులను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. క్లయింట్ల వ్యక్తిగత సమాచారం బయటికి పోయిందనుకుంటే వారికి కూడా దాచకుండా చెప్పాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వచ్చే వాటిలో ఇలా తెలియజేసే బాధ్యత కూడా ఉంది.

పునరుద్ధరణలో విండోస్ కొత్తగా ఎక్కించి, అప్‌డేట్లు పూర్తిచేసి, ఆ తర్వాతే డేటా రీస్టోర్ చేయాలి. అన్ని పాస్‌వర్డ్‌లనూ దాడికి గురికాని కంప్యూటర్ నుంచి మార్చాలి. అందరి డేటా ఒకేసారి తెచ్చుకోవాలని ఆరాటపడకుండా, గడువు దగ్గరపడిన వారితో మొదలుపెట్టండి: నెలవారీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేసేవారికి 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీకి (పన్ను చెల్లింపు రిటర్ను) 20వ తేదీ. బ్యాకప్ తర్వాత ఎక్కించిన వోచర్లు పోయి ఉంటాయి గనుక, ఆ రోజుల బిల్లులను క్లయింట్ల నుంచి, కొనుగోళ్ల వివరాలను జీఎస్టీఆర్-2బీ నుంచి తెప్పించుకుని మళ్లీ ఎక్కించండి.